రంగస్థలమున వాల్వు ఆరినప్పుడు



భరతముని నాట్యశాస్త్రమున మొదటి అధ్యాయమందే యొక విఘ్నకథ కలదు. ఇంద్రధ్వజోత్సవ సమయమున దేవతల యెదుట మొట్టమొదటి నాట్యము ప్రయోగింపబడుచుండెను. అందు దైత్యుల పరాజయమును ప్రదర్శించుట చూచి కినిసి, విరూపాక్షుడు మొదలగు విఘ్నులు కంటికి కనబడక రంగముపై బడి, నటుల వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపజేసిరట. ఇంద్రుడు తన ధ్వజదండముతో వారిని జర్జరితులను గావించెను. అంతటితోనైనను భయము తీరలేదు. మిగిలినవారు మరల బెదరింప, విశ్వకర్మచే నాట్యగృహమును గట్టించి, దాని మూలమూలను ఒక్కొక్క దేవతను కాపు పెట్టవలసి వచ్చినది. నాట్యము పుట్టిన నాడే, నడుమ నాగిపోవుటయు పుట్టినదన్న మాట. కావుననే భరతుడు పూర్వరంగమను పేరున, ఆట మొదలిడక మున్నే వాద్యములను దెచ్చి యమర్చుకొనుట, వాద్యకులు తమతమ చోట్ల గూర్చుండుట, తంత్రులను సరిచూచుకొనుట మున్నగువానిని వేరువేరు అంగములుగా విధించి యుంచినాడు.

ఈ శాస్త్రము నాకు జ్ఞప్తికి వచ్చిన చోటు మాత్రము హైదరాబాదు నగరమందలి అమీరుపేట. అమీరుపేటయు పంజగుట్టయు ఇప్పుడు ఎచట నొకటి ముగిసి రెండవది మొదలగునో తెలియనంతగా గలిసిపోయినవి. 2017లో నగరమునకు మెట్రోరైలు వచ్చినప్పటినుండి అమీరుపేట స్టేషనులో రెండు దారులు కలిసికొనుచున్నవి. ఆ సందడిలో, వీపున గిటారును దగిలించుకొని, చేత నొక బరువైన పెట్టెను మోయలేక మోయుచు, ఆటోలను పిలుచుకొను యువకులు సాయంకాలవేళ నాకు కనబడుచుందురు. బంజారా హిల్సు వైపు హోటళ్లలోను, వేడుకలలోను వారి వాద్యగోష్ఠులు జరుగుచుండును. ఆ పెట్టెలో నేమున్నదని యొక బాలుని అడుగగా, "వాల్వు యాంప్లిఫైయరండి" అని చెప్పెను. నాకు విస్మయము కలిగినది. వాల్వు అను మాటను నేను విని దాదాపు నలువది యేండ్లైనది. మన యిండ్లలో రేడియోల నుండియు, మన పందిళ్లలో మైకుసెట్ల నుండియు ఎన్నడో వెడలిపోయిన ఆ గాజుబుడ్డి, గిటారువారి పెట్టెలో ఇంకను వెలుగుచున్నది.

మీలో వయోవృద్ధులైనవారు వాల్వును చూచియే యుందురు. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో సన్నని తీగ యెర్రగా కాగుచుండును. ఆ కాకకు దాని చుట్టునున్న లోహపు పూత నుండి ఎలక్ట్రానులు వెడలి, ఎదుటి పలకకు చేరును. లండనులో ఫ్లెమింగు అను శాస్త్రజ్ఞుడు 1904లో దీనిని కల్పించెను. రెండేండ్లకు, 1906లో, అమెరికాలో డీ ఫారెస్టు అనునతడు ఆ రెంటి నడుమ జల్లెడవంటి మూడవ తీగ నొకటి చేర్చెను. ఆ జల్లెడకు మిక్కిలి స్వల్పమగు విద్యుత్తు నందించినచో పలకకు బోవు పెద్ద ప్రవాహము దాని ననుసరించి హెచ్చుచు తగ్గుచుండును. కాలువ తూమునొద్ద తలుపును వ్రేలెడు కదల్చినచో చేలకు బోవు నీరంతయు హెచ్చుతగ్గులగుట మీరెఱుగని విషయము కాదు. ఇదియు నట్టిదే. చీమ చిటుక్కుమన్నంత శబ్దము మేఘగర్జనమగుట యీ యుపాయముననే సాధ్యమైనది.

అంతకు పూర్వము మనవారికి గొంతే యంత్రము. 1885లో కడపమండలమందలి సురభి గ్రామమున నాటకములు మొదలిడిన సురభివారు, ఆ తరువాత దేశమంతయు నల్లుకొన్న పద్యనాటక సమాజములవారు, డేరా చివర గూర్చున్నవానికిని వినబడునట్లు పద్యము నెత్తి పాడవలసియుండెను. రాగము తీయగా నుండుట యెంతయో, దూరము వోవుటయు నంత. పెట్రోమాక్సు దీపమారినను పద్యమాగెడిది కాదు.

విద్యుత్తు వచ్చినది. హైదరాబాదులో హుస్సేనుసాగరపు గట్టున 1920లో విద్యుత్కేంద్రము వెలసినది. 1935లో హైదరాబాదు రేడియో నిజాము ప్రభుత్వము చేతిలోనికి వచ్చెను. 1938 జూను 16న మదరాసులోను, 1948 డిసెంబరు 1న విజయవాడలోను ఆకాశవాణి కేంద్రములు మొదలాయెను. హైదరాబాదు కేంద్రము 1950 ఏప్రిలు 1న ఆకాశవాణిలో గలిసినది. ఆ తరమున ప్రసారయంత్రములోను వాల్వులే, మీ రచ్చబండపై నున్న రేడియోలోను వాల్వులే. వాని వెంబడియే మైకుసెట్టు పల్లెకు వచ్చి చేరినది.

నా బాల్యమున మా యూర శ్రీరామనవమి పందిటికి మైకుసెట్టు పొరుగూరి నుండి బండిపై వచ్చెడిది. దాని యజమాని ప్రొద్దు వాలకమున్నే వచ్చి, సెట్టును బల్లపై నుంచి, మీట వేసి, వాల్వులు నిప్పుకణికలవలె ఎర్రబడువరకు కదలక కూర్చుండెడివాడు. కరెంటు లేని యూళ్లలో మోటారుకారు బ్యాటరీతో నడపెడివాడు. అతని సంచిలో నొక పాత పంచెముక్కలో జుట్టిన నాలుగు వాల్వులు, కొన్ని ఫ్యూజులు, ఒక టంకపు కడ్డీ యుండెడివి. పిదప "హలో, హలో, వన్ టూ త్రీ" అని యతడు పలుకగా పిల్లలము పకపక నవ్వెడివారము. ప్రత్యాహార పరిఘట్టనములు అవియేనని, పండితుల యొద్ద నాట్యశాస్త్రము చదివిన పిదప గాని నాకు తెలియలేదు.

ఒక యేట హరికథ సగమైనంతలో సెట్టు గురగురమని మూగవోయినది. ఆ యేడు వచ్చినవాడు వేరొకడు, సంచి తేలేదు. భాగవతారుగారు ఒక్క నిమిషము చూచి, చిడతలు చేతబట్టి వేదిక దిగి, జనము నడుమకు వచ్చి నిలిచి కథ సాగించిరి. కడపటి వరుసలోని ముసలమ్మలు సైతము కన్నీరు తుడుచుకొనిరి. ఆయన మైకు రాకమున్నే కథ చెప్పుట నేర్చినవారు.

గిటారు వాయించు బాలునికి ఆ దారి లేదు. ఇది గమనింపదగిన భేదము. వీణకు కుండ యున్నది, తంబురకు బుర్ర యున్నది. మీటిన నాదము అందు ప్రతిధ్వనించి పెంపొందును. విద్యుద్గిటారు సామాన్యముగా గట్టి కొయ్యపలక. 1930ల మొదట అమెరికాలో పుట్టిన యీ వాద్యమున, ఉక్కుతీగ క్రింద నొక అయస్కాంతమును, దానిచుట్టు సన్నని తీగచుట్టను ఉండును. తీగ కదలినచో చుట్టలో స్వల్పవిద్యుత్తు పుట్టును. దానిని యంత్రము పెంపవలయును. యంత్రము లేనిచో పది యడుగుల దూరమున నున్నవానికి కూడ స్పష్టముగా వినబడదు. పాలకొల్లున 1969లో జన్మించి, తొమ్మిదేండ్ల ప్రాయముననే గుడివాడలో కచేరి చేసిన మాండొలిను శ్రీనివాసుగారు వాయించినదియు విద్యుద్వాద్యమే. త్యాగరాజకృతి పాడుటకైనను యంత్రము నాశ్రయింపవలసిన వాద్యమది. ఇట్టి వాద్యమున యంత్రము గొంతులో భాగము. అది పోయినచో భాగవతారుగారివలె వేదిక దిగుటకు వీలులేదు.

1947లో అమెరికాలో ట్రాన్సిస్టరు పుట్టి, క్రమముగా వాల్వును రేడియో నుండియు మైకు నుండియు వెడలగొట్టినది. 1954లో బెంగుళూరున స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్సువారు మన దేశమున వాల్వులు చేసిరి గాని, అదియు గతించిన ముచ్చట. అయినను గిటారువారు వాల్వును విడువలేదు. 1962లో లండనులో మార్షలు అను నొక వాద్యముల వర్తకుడు తయారుచేయించిన యంత్రములు మొదలు నేటివరకు, వాల్వును దాని శక్తికి మించి మ్రోగించినప్పుడు పుట్టు నొక బొంగురు మాధుర్యమును వారు కోరుదురు. రేడియోలో దోషమని మనము తిట్టిన బొంగురే యిది! రుచులు వేరు. ఇప్పుడు ముఖ్యముగా రష్యా, స్లొవాకియా, చైనా దేశములలోని కొలది కర్మాగారములు వాల్వులు చేయుచున్నవి. రాత్రి తొమ్మిది గంటలకు పంజగుట్టలో నొక వాల్వు ఆరిపోయినచో తెల్లవారినను దుకాణమున దొరకునను నమ్మకము లేదు. మా మైకుయజమాని పంచెముక్కలోని నాలుగు వాల్వుల విలువ ఇప్పుడు మఱింత పెరిగినది.

వాల్వు ఎట్లు చెడునో తెలిసినచో సన్నాహమెట్లుండవలెనో తెలియును. అది దీపమువలె అరుగు వస్తువు. కొన్ని వాల్వులు లోతీగ తెగి ఒక్కసారిగా ఆరిపోవును. కొన్నిటి లోపలి భాగములు వదులై, కదలించినంతనే గణగణ మ్రోగును. ఆటకు ముందు పెన్సిలుతో మెల్లగా తట్టిచూచినచో ఈ జబ్బు బయటపడును. చిన్న వాల్వులను వాయించువాడే, యంత్రము నార్పి, చల్లారిన పిదప మార్చుకొనవచ్చును. పెద్దవానిని జతకు జతగా మార్చి, లోపలి కొలత సరిచూడవలెను. అది పనివాని పని. పెద్దవాల్వు పలక యెర్రగా కాలుచుండుట కనబడినచో పాట నడుమనైనను మీట కట్టివేయుటయే తగును. స్పీకరు తీగ తగిలింపక యంత్రమును మ్రోగించినచో లోని ట్రాన్స్‌ఫార్మరు మాడిపోవును. వాల్వుకంటె దాని ధర యెన్నియో రెట్లు. అమెరికాకై చేసిన పెట్టె 120 వోల్టులది, మన గోడలోనిది 230. చుట్టము తెచ్చి యిచ్చిన పెట్టెను వెనుకనున్న అక్షరములైనను చదువక గోడకు తగిలించిన యువకులు కలరని వినియున్నాను. చదువు చెప్పినవాడను గనుక ఈ మాట నాకు మిక్కిలి బాధ కలిగించినది.

ఫ్యూజు సంగతి మఱియొకటి. ఫ్యూజు పోయినచో అదే కొలతగల ఫ్యూజును వేయవలెను. మనవారికి రాగితీగ చుట్టుట, సిగరెట్టుపెట్టెలోని తగరపు కాగితము చుట్టుట అలవాటు. ఇది తెలివి గాదు, ఇంటికి నిప్పు పెట్టుకొనుట. క్రొత్త ఫ్యూజు వేసినంతనే అదియు పోయినచో లోపల వేరొక జబ్బున్నదని యెఱిగి, ఆ రాత్రికి ఆ యంత్రమును విడువవలెను. అందుకే రెండవ యంత్రము కావలయును; చిన్నదైనను, ట్రాన్సిస్టరుదైనను సరియే. అదియు లేనిచో గిటారును నడిమి చిన్నపెట్టె యొకదాని ద్వారా సభయందలి పెద్ద మైకుసెట్టుకే తగిలింపవచ్చును. నాదము వారికి రుచింపకపోవచ్చును, పాట మాత్రము ఆగదు. వాల్వును నిందింపకముందు వైరును మార్చిచూచుటయు మరువరాదు. గిటారునుండి పెట్టెకు బోవు వైరు కాళ్లక్రింద నలిగి తెగుట తఱచు.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణము. వాల్వుపలకలకు మూడునాలుగువందల వోల్టులు, ఒక్కొక్క పెట్టెలో నంతకుమించియు నుండును. మీట కట్టి, తీగను గోడనుండి పెరికిన పిదపను లోనున్న కండెన్సర్లలో ఆ శక్తి చాలసేపు నిలిచియుండును. చచ్చిన పామని చేతబట్టిన చందమగును. వెనుకనుండి అందు వాల్వులను మార్చుకొనుట వేరు. పెట్టె విప్పి లోపల చేయి పెట్టుట వేరు. పాట ఆగినను రేపు పాడుకొనవచ్చును. వేదికపై తొందరలో పెట్టె విప్పుట ఏ గిటారువానికిని తగదు.

అమీరుపేట బాలుడు నేనడిగిన దానికి తన సంచి విప్పి చూపెను. మెత్తని నురుగుబిళ్లల నడుమ మూడు చిన్న వాల్వులు, ఒక చిన్నడబ్బాలో ఫ్యూజులు, రెండు వైర్లు. "ఇవి యెవరు చెప్పిరి నాయనా?" అని అడిగితిని. తనకంటె ముందు వాయించిన యన్నగారు చెప్పిరనెను. నాదస్వరము వాయించువారు రెల్లుతో చేసిన ఊదుడు పీకలను అదనముగా కొన్ని, వానిని సవరించుకొను సూదితో కూడ, వాద్యమునకే దారముతో వ్రేలాడగట్టుకొందురు. పెండ్లిపందిట పీక పగిలినచో క్షణములో మార్చుకొందురు. ఆ బాలుడు నాదస్వరమును దగ్గరనుండి యెన్నడును చూచినవాడు గాడు. ఆషాఢమాసమున బల్కంపేట యెల్లమ్మ కల్యాణమునకు వచ్చినచో చూపించెదనని చెప్పితిని.