వన్ టౌన్ దుకాణం, అద్దె చట్టం

విజయవాడ వన్ టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో, దుకాణానికి విలువ దాని చోటును బట్టే. ఖాతాదారుడు వెతుక్కుంటూ వచ్చేది ఆ గడప దగ్గరికే. అందుకే అద్దె ఒప్పందం చెడితే ఇద్దరికీ జరిగే నష్టం సమానం కాదు: యజమానికి పోయేది కొన్ని నెలల అద్దె, వర్తకుడికి బతుకుదెరువే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఈ తేడాను కొంతే గుర్తించింది. బకాయిపడి కౌలు కోల్పోయే అద్దెదారు బకాయి, వడ్డీ, ఖర్చులు కట్టేస్తే కోర్టు దయతలచవచ్చంది. కానీ గడువు ముగిసి, నోటీసు ఇచ్చాక అతనికి నిలబడే నేల లేదు. మద్రాసు ప్రావిన్సు 1946 అద్దె నియంత్రణ చట్టం, తర్వాత ఆంధ్రప్రదేశ్ 1960 చట్టం ఆ లోటు పూడ్చాయి. గడువు తీరినా, చట్టం చెప్పిన కారణం రుజువైతేనే ఖాళీ చేయించాలన్నాయి. అద్దె తీసుకోనని యజమాని మొండికేస్తే 1960 చట్టం కింద మనియార్డరు చేసే వీలుండేది, అదీ తిప్పికొడితే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేసే వీలుండేది.

దీనివల్ల యజమాని చేతులు కట్టేసినట్లయిందనీ, పాత అద్దెలతో మరమ్మతులైనా గిట్టుబాటు కావనీ వాదన ఉండేది. అద్దె విషయంలో అది నిజమే. తొలగింపు విషయంలో కాదు. ఉద్దేశపూర్వక బకాయి, రాతపూర్వక అనుమతి లేని ఉపకౌలు, సొంత వ్యాపార అవసరం, ఇవన్నీ 1960 చట్టంలోనే యజమానికి ఉన్న దారులు. బకాయి ఉద్దేశపూర్వకం కాదని తేలితే అద్దెదారుకు దొరికే గడువు పదిహేను రోజులు మించేది కాదు. అసలు అన్యాయం మరోచోట ఉండేది: 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన భవనాలకు ఈ రక్షణే ఉండేది కాదు. పక్కపక్క దుకాణాలకు రెండు న్యాయాలన్నమాట. కొత్త కట్టడాలను ప్రోత్సహించడానికి పెట్టిన ఈ మినహాయింపును మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు 1983లో కొట్టేసింది.