పాశ్చర్ పుట్టిన దేశంలో పచ్చిపాల చీజ్

ఫ్రాన్సులో సూపర్ మార్కెట్‌కు వెళితే పాల డబ్బాలు మంచినీళ్ళ సీసాల మాదిరిగా మామూలు అరల్లో పేర్చి కనిపిస్తాయి. కోడిగుడ్లూ అంతే. అమెరికాలో ఈ రెండింటినీ చల్లని అరల్లోనే ఉంచుతారు. చీజ్ దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా మరో రూపం దాలుస్తుంది. కాచని పాలతో చేసిన మెత్తటి చీజ్‌ను ఫ్రెంచివారు భోజనం చివర రొట్టెతో ఇష్టంగా తింటారు. అమెరికాలో దాని అమ్మకానికే చట్టం ఒప్పుకోదు. సూక్ష్మజీవుల శాస్త్రం రెండు దేశాలకూ ఒకటే కదా, మరి అలవాట్లలో ఇంత భేదం ఎందుకని మీరు అడగవచ్చు. జవాబు చరిత్రలో ఉంది.

(చీజ్ అనగానే మన జున్ను గుర్తుకు వస్తుందేమో. జున్ను ఈనిన పశువు ముర్రుపాలతో చేసేది. చీజ్ పాలను విరిచి, నీరు తీసి, వారాలో నెలలో మాగబెట్టేది.)

1822లో జన్మించిన లూయీ పాశ్చర్ పేరు మీదనే పాశ్చరైజేషన్ అనే మాట వచ్చింది. అయితే ఆయన ఆ పద్ధతిని మొదట రూపొందించింది పాల కోసం కాదు, వైన్ కోసం. ఫ్రెంచి వైన్ పులిసి పాడైపోతుంటే కారణం తెలుసుకోమని 1863లో మూడవ నెపోలియన్ చక్రవర్తి ఆయనను కోరాడు. వైన్‌ను మరిగించకుండా, కొంతసేపు మితంగా వేడి చేస్తే చెరుపు చేసే క్రిములు నశిస్తాయని పాశ్చర్ నిరూపించి, 1865లో పేటెంటు పొందాడు. పాలకు ఈ పద్ధతిని వర్తింపజేసింది తరువాతివారు.

ఆ అవసరం అమెరికా నగరాల్లో తీవ్రంగా కనిపించింది. పంతొమ్మిదవ శతాబ్దపు న్యూయార్క్‌లో సారా బట్టీల పక్కనే కొట్టాలు కట్టి, బట్టీలో మిగిలిన మడ్డిని ఆవులకు మేపి పాలు పిండేవారు. ఆ పశువులు రోగగ్రస్తమై, నిలబడలేని స్థితిలో ఉండేవి. నీలంగా, పలుచగా ఉన్న ఆ పాలలో సుద్ద కలిపి చిక్కగా కనిపించేటట్లు చేసి అమ్మేవారు. ఆ పాలు తాగి పసిబిడ్డలు అతిసారంతో చనిపోయేవారు. 1858లో ఫ్రాంక్ లెస్లీ అనే పత్రికాధిపతి ఈ దారుణాన్ని బొమ్మలతో సహా బయటపెట్టాడు. 1893లో నేథన్ స్ట్రాస్ అనే వ్యాపారి పేదల కోసం న్యూయార్క్‌లో శుద్ధమైన పాల కేంద్రాన్ని తెరిచి, పాశ్చరైజ్ చేసిన పాల కోసం ఉద్యమమే నడిపాడు. 1908లో షికాగో నగరం పాశ్చరైజేషన్‌ను చట్టబద్ధం చేసింది. క్షయ, టైఫాయిడ్ పాల ద్వారా సంక్రమిస్తున్న ఆ రోజుల్లో ఇది ఎందరో శిశువుల ప్రాణాలు నిలిపిన చర్య. అమెరికన్ల మనసులో పచ్చిపాలంటే భయం అలా నాటుకుంది. ఆ భయం సహేతుకమైనదే.

ఫ్రెంచివారు ఈ సంగతి ఎరుగనివారు కారు. 1894లోనే లియోన్ డ్యుఫూర్ అనే వైద్యుడు ఫెకాన్ పట్టణంలో తల్లులకు శుద్ధి చేసిన పాలు పంచే కేంద్రాన్ని ప్రారంభించాడు. కానీ అక్కడ చీజ్ ఒక్కొక్క ఊరికి పేరు, ప్రతిష్ఠ. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల ఆహారంలో చేరిన కామంబేర్ దేశమంతటికీ అభిమాన వస్తువైంది. 1983లో నార్మండీ కామంబేర్‌కు ప్రాంతీయ గుర్తింపు లభించింది. ఆ పేరు పెట్టాలంటే పచ్చిపాలతోనే చేయాలి, కనీసం 21 రోజులు మాగబెట్టాలి. అమెరికాలో 1949 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం పచ్చిపాల చీజ్ కనీసం 60 రోజులు మాగాలి. అరవై రోజులకు కామంబేర్ మితిమీరి మాగి తన గుణం కోల్పోతుంది. అందువల్ల అసలైన కామంబేర్ అమెరికాలో అడుగుపెట్టలేదు. ఎక్కువ కాలం మాగే రోక్‌ఫోర్, కోంతే వంటివి వెళ్ళగలవు.

అరవై రోజుల నియమం సంపూర్ణ రక్షణ అని మాత్రం అనుకోకండి. ఉప్పు, ఆమ్లత పెరిగి క్రిములు తగ్గుతాయన్నది నిజమే గాని, కొన్ని రకాల ఈ-కోలై ఆ గడువు దాటి కూడా బతకగలదని తరువాతి పరిశోధనలు చూపాయి.

ఇక పాలు, గుడ్ల మాట. ఫ్రాన్సులో వాడే పాలలో అధిక భాగం 135 డిగ్రీలకు పైగా కొద్ది క్షణాలు వేడిచేసి, గాలి చొరకుండా మూసినవి. డబ్బా తెరిచేవరకూ చల్లదనం అక్కరలేదు. అమెరికాలో గుడ్లను కడిగి అమ్ముతారు. కడిగితే పెంకు మీది సహజమైన పొర పోతుంది, కనుక ఫ్రిజ్ తప్పనిసరి. ఐరోపాలో అమ్మకపు గుడ్లను కడగడం నిషిద్ధం.

మీ అమ్మాయో కోడలో ఆ దేశాల్లో గర్భవతిగా ఉంటే ఒక్క విషయం చెప్పండి. లిస్టీరియా అనే క్రిమి ఫ్రిజ్‌లో కూడా వృద్ధి చెందుతుంది. తల్లికి స్వల్ప జ్వరంగా వచ్చి గర్భస్థ శిశువును బలిగొనవచ్చు. 1985లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో మెత్తటి చీజ్ వల్ల 142 మందికి ఈ వ్యాధి సోకింది. 48 మరణాలలో 30 గర్భస్థ, నవజాత శిశువులవే. పాశ్చరైజ్ చేసిన పాలలో పచ్చిపాలు కలిసి ఉంటాయని పరిశోధకులు భావించారు. పచ్చిపాల చీజ్‌ను అంతగా ప్రేమించే ఫ్రాన్సులో కూడా వైద్యులు గర్భిణులను మెత్తటి పచ్చిపాల చీజ్ తినవద్దనే చెబుతారు. అక్కడి డబ్బా మీద 'లే క్రూ' అని ఉంటే అది కాచని పాలతో చేసినదని అర్థం.