అర్రియన్ ఇంటి హోర్మే

గ్రేహౌండు అనగానే తెలుగువారిలో చాలామందికి కుక్క గుర్తుకు రాదు. 1989లో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కె.ఎస్. వ్యాస్ నెలకొల్పిన ప్రత్యేక దళం గుర్తుకు వస్తుంది. అమెరికాలో చదువుకున్నవారికైతే చాలీచాలని డబ్బుతో ఊళ్లు తిరిగిన బస్సు. నాకూ అంతే. ఉద్యోగరీత్యా ఫ్లోరిడాలో ఉన్న రోజుల్లో, పొరుగింటి వృద్ధ దంపతులు పందేల నుంచి తప్పించిన ఒక గ్రేహౌండును తెచ్చుకునేదాకా ఆ జంతువును నేను దగ్గరగా చూడనే లేదు.

అది వచ్చిన మొదటి వారం నాకు బాగా జ్ఞాపకం. గంటకు 70 కిలోమీటర్ల వేగం అందుకోగల జాతి కదా, ఆ ఇంటి మెట్ల ముందు కాళ్లు వణుకుతూ నిలబడిపోయింది. కుక్కల కొట్టంలోనూ పందెపు బాట మీదా బతికిన ప్రాణి. మెట్టు అనేది అంతవరకు ఎరగదు. పెద్దాయన ఒక్కొక్క పాదాన్నీ చేత్తో పట్టి పై మెట్టు మీద పెడుతూ నేర్పారు. దాని చెవుల లోపల పచ్చబొట్లు ఉండేవి: ఎడమ చెవిలో నమోదు సంఖ్య, కుడి చెవిలో పుట్టిన నెల, సంవత్సరం. మెట్లు నేర్చాక అది చేసిన పని ఒక్కటే, నిద్ర. ఇదేం వేటకుక్కండీ అని నేను నవ్వితే, పెద్దావిడ లోపలికి వెళ్లి ఒక పాత గ్రీకు పుస్తకానికి ఇంగ్లీషు అనువాదం తెచ్చి చేతికిచ్చారు.

అది అర్రియన్ రచన. అలెగ్జాండరు దండయాత్రల చరిత్ర, మెగస్తనీసు, నియార్కసుల రాతల ఆధారంగా మన దేశాన్ని వర్ణించిన ‘ఇండికా’ రాసినది ఈయనే. క్రీ.శ. రెండవ శతాబ్దంలో, రోమను చక్రవర్తి హేడ్రియన్ కాలంలో కప్పడోషియాకు పాలకుడు. అంతకు సుమారు అయిదు శతాబ్దాల ముందు జెనొఫోన్ వేట గురించి ఒక గ్రంథం రాశాడు. ఆయనకు కెల్టుల వేగమైన కుక్కలు తెలియవు గనుక ఆ లోటు తీరుస్తానని అర్రియన్ కలం పట్టాడు. పట్టాడు గానీ, చెబుతూ చెబుతూ తన పెంపుడు కుక్క దగ్గర ఆగిపోయాడు. దాని పేరు హోర్మే. గ్రీకులో ఆ మాటకు ఉరవడి అని అర్థం. ఆయన ఇంట్లో ఉంటే తోడుంటుంది, బయలుదేరితే వెంట వస్తుంది, కాస్త ఎడబాటు తర్వాత కనబడితే ఎగిరి పలకరిస్తుంది. ఈ కుక్కలకు మెత్తని, వెచ్చని పడక ఉండాలనీ, మనిషి పక్కన పడుకుంటే మరీ మంచిదనీ ఆయన సలహా. దాని పేరు తరువాతి తరాలకు నిలవాలని కూడా కోరుకున్నాడు. సేనలు నడిపినవాడు!

పడక మాట గారాబంతో అన్నది కాదు. ఈ జాతికి ఒంట్లో కొవ్వు తక్కువ, చర్మం పలుచన, రోమాలు పొట్టి. గచ్చు నేల ఒరుసుకుంటుంది, చలి ఓర్వలేదు. కొన్ని మత్తుమందుల ప్రభావం వీటిని త్వరగా వదలదని పశువైద్యులు జాగ్రత్త పడతారు. క్షణాల్లో శక్తినంతా ఖర్చుపెట్టే పరుగు, ఆ తర్వాత దీర్ఘమైన విశ్రాంతి, ఇదీ వీటి తీరు. ఇంట్లో మనిషికి నచ్చేది ఆ రెండవ సగమే.

అర్రియన్ మరొక మాట కూడా అన్నాడు. నిజమైన వేటగాడు పరుగు చూడడానికి వెళతాడట. కుందేలు తప్పించుకుంటే సంతోషిస్తాడట. ఈ కోరిక 1919లో తీరిందనవచ్చు. అమెరికాలో ఓవెన్ పాట్రిక్ స్మిత్ అనే ఆయన కాలిఫోర్నియాలోని ఎమెరీవిల్‌లో యంత్రపు కుందేలుతో పందెపు బాట తెరిచాడు. 1926 జులై 24న మాంచెస్టరులోని బెల్ వ్యూలో బ్రిటన్ మొదలుపెట్టింది. 1929, 1930లలో ఇంగ్లీషు డెర్బీ గెలిచిన మిక్ ద మిల్లర్ అనే కుక్క సినిమా తారంత పేరు పొందింది. దాని దేహాన్ని భద్రపరిచి ట్రింగ్‌లోని మ్యూజియంలో ఉంచారు. కుందేలు బతికింది. అయితే ఓడిన కుక్కల మాటేమిటి? రెండు మూడేళ్లు పరిగెత్తి, తక్కిన ఏడెనిమిదేళ్లు ఎవరికీ అక్కరలేని జంతువు ఏమవుతుంది?

2006లో సండే టైమ్స్ పత్రిక ఒక జవాబు బయటపెట్టింది. ఇంగ్లాండులోని సీహమ్‌లో ఒక వ్యక్తి తన స్థలంలో పదిహేనేళ్లలో 10,000 గ్రేహౌండులను చంపి పాతిపెట్టాడని ఆ పత్రిక అంచనా. తరువాత న్యాయస్థానం అతనికి జరిమానా వేసింది. నేరం చంపినందుకు కాదు, అనుమతి లేకుండా వ్యర్థాలను పాతిపెట్టినందుకు! చరిత్ర చదివేవారికి కోపం రాకూడదంటారు. నాకు వచ్చింది.

అప్పటినుంచి గాలి కొంత మారింది. 2018లో మకావు పందెపు బాట మూతపడి, అయిదు వందలకు పైగా కుక్కలకు ఇళ్లు వెతకవలసి వచ్చింది. అదే ఏడాది నవంబరులో ఫ్లోరిడా ఓటర్లు పందేలు వద్దన్నారు. 2020 ముగిసేసరికి అక్కడ అవి ఆగిపోయాయి. పందెపు కుక్కను ఇంటికి తెచ్చుకోవడాన్ని కొత్త తరపు దయాగుణంగా పొగుడుతుంటారు. హోర్మేను చదివాక నాకది తిరిగి ఇంటికి చేరడంగానే తోస్తుంది.

అందరికీ సరిపడే కుక్కని నేననను. ఉడుత కనబడితే చాలు, ఎంత పిలిచినా వినదు. తాడు లేకుండా వీధిలోకి తీసుకువెళ్లరాదు. పిల్లి ఉన్న ఇంట మరీ జాగ్రత్త. పొరుగువారి పెరటికి ఆరడుగుల కంచె అందుకే వచ్చింది.

నేను ఆ ఊరు విడిచే నాటికి అది ధీమాగా మెట్లెక్కి మంచం మధ్యకు చేరింది. కాళ్లు చాపితే మనిషంత పొడవు. పెద్దాయన దాని పరుపు తెచ్చుకుని నేల మీద పడుకుంటున్నారని పెద్దావిడ ఫిర్యాదు.