పందెమునకు ముందు వారం

పరుగుపందెంలో ఓడినవాడు తన సాధన చాలలేదని అనుకొనుట పరిపాటి. ఆ మాట చాలసార్లు నిజమే. కాని సాధన ఎక్కువై, పందెం నాటికి అలసట తీరక ఓడినవారు కూడ లోకంలో తక్కువేమీ కాదు. నెలల తరబడి చేసిన కృషి ఫలించవలెనంటే ఆఖరి రోజులలో ఎంత పరుగెత్తవలెను, ఎంత విశ్రమించవలెను? చూపునకు చిన్నదైన ఈ ప్రశ్నకు సమాధానం కుదురుటకు అర్ధశతాబ్దం పైగా పట్టినది.

ఇది ఒలింపిక్ వీరులకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. నెల్లూరు జిల్లాలో జలదంకి, ఉదయగిరి, ఆత్మకూరు వంటి చోట్ల చదువుకొనే పిల్లలకు పాఠశాలల ఆటల పోటీలలోనే ఇది ఎదురవుతుంది. తరువాత ఉద్యోగాల వేటలో మరింత తీవ్రంగా ఎదురవుతుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుళ్ల ఎంపికకు 2022లో వెలువడిన ప్రకటన ప్రకారం పురుష అభ్యర్థులు 1600 మీటర్లను 8 నిమిషాలలో పరుగెత్తవలెను. కొద్ది క్షణాల తేడాతో ఉద్యోగం చేజారవచ్చును. కనుక ఆఖరి వారంలో భయం కొద్దీ ఇంకో నాలుగు చుట్లు ఎక్కువ తిరుగవలెనని తోచుట సహజం. కాని ఎడ్ల పందెమునకు పోయే రైతు ముందునాడు తన ఎడ్లకు అరక కట్టి వాటిని అలసగొట్టడు గదా! ఎద్దు విషయంలో రైతు ఎరిగిన ఈ సంగతిని మనిషి విషయంలో శాస్త్రం రుజువు చేసిన విధం తెలుసుకొనదగినది.

భారతదేశపు పరుగు చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం తెలుగునేల మీదనే మొదలైనది. 1950ల ఆరంభంలో సికింద్రాబాదులోని సైనిక శిక్షణ కేంద్రంలో చేరిన మిల్కాసింగ్ అక్కడ జరిగిన దూరపు పరుగులో ఆరవవాడుగా వచ్చి ప్రత్యేక శిక్షణకు ఎంపికైనాడు. అప్పటినుండి ఆయన సాధనకు హద్దు లేకపోయినది. పరుగెత్తి పరుగెత్తి రక్తం కక్కుకొన్న రోజులు కూడ ఉన్నవని ఆయన తరువాత చెప్పుకొన్నాడు. అయినను 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో తొలి దశలోనే వెనుదిరుగవలసి వచ్చినది. అక్కడ 400 మీటర్ల స్వర్ణపతకం గెలిచిన అమెరికా పరుగువీరుడు చార్లెస్ జెంకిన్స్‌ను కలిసి ఆయన శిక్షణ క్రమాన్ని అడిగి తెలుసుకొన్నాడు. 1958లో కార్డిఫ్‌లో కామన్‌వెల్త్ స్వర్ణం, 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం ఆ తరువాతి ఫలితాలు. శ్రమ ఎంత అన్నదే కాక, ఏ క్రమంలో అన్నది కూడ ముఖ్యమని ఈ చరిత్ర సూచించుచున్నది.

విశ్రాంతికి గల బలం మొదట యాదృచ్ఛికంగా బయటపడినది. చెకోస్లొవేకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్ 400 మీటర్ల పరుగును ఒకే రోజున పదులసార్లు చేసే మహాసాధకుడు. 1950లో బ్రస్సెల్స్ నగరంలో ఐరోపా పోటీలు జరుగుటకు ముందు ఆయన ఆహారదోషం వలన జబ్బుపడి సుమారు రెండు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. పందెం మాట అటుంచి ప్రయాణమే కష్టమని తోచిన సమయమది. కాని ఆయన 10,000 మీటర్ల పందెంలో రెండవవానికంటె 69 సెకండ్లు ముందుగాను, 5,000 మీటర్లలో 23 సెకండ్లు ముందుగాను వచ్చినాడు. జబ్బు మేలు చేసిందని కాదు. జబ్బు పేరుతో తప్పనిసరియైన విశ్రాంతి మేలు చేసినది.

జాటోపెక్ తలవని తలంపుగా పొందిన విశ్రాంతిని రోజర్ బానిస్టర్ కోరి తీసుకొన్నాడు. లండన్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్న ఆయన 1954 ఏప్రిల్‌లో 440 గజాల పరుగును 61 సెకండ్లకంటె తగ్గించలేక విసిగి, సాధన మాని, మిత్రునితో స్కాట్లండ్ కొండలు ఎక్కుటకు వెళ్లినాడు. తిరిగివచ్చి పరుగెత్తితే 59 సెకండ్లే పట్టినది. అసలు పందెమునకు ముందు అయిదు రోజులు ఆయన పరుగు జోలికే పోలేదు. మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో 3 నిమిషాల 59.4 సెకండ్లలో మైలు పరుగెత్తి, నాలుగు నిమిషాల హద్దును దాటిన మొదటి మానవుడైనాడు.

ఇట్టి విశ్రాంతివేళ శరీరంలో జరిగేదేమి? పరుగునకు కావలసిన ఇంధనంలో ముఖ్యమైనది కండరాలలో నిలువయుండే గ్లైకోజెన్. మనం తినే అన్నం, రొట్టె, సంకటి మొదలగువాటిలోని పిండిపదార్థమే ఈ రూపం పొందుతుంది. 1966లో స్వీడన్ శాస్త్రజ్ఞులు బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ ఒకే సైకిలుకు చెరొకవైపు కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క కాలితోనే తొక్కి అలసిపోయినారు. తరువాత మూడు రోజులు పిండిపదార్థాలు ఎక్కువగా తిన్నారు. సూదితో కండరాన్ని తీసి పరీక్షింపగా, శ్రమించిన కాలిలో గ్లైకోజెన్ శ్రమించని కాలికంటె సుమారు రెట్టింపు ఉన్నది. అనగా శ్రమ కొట్టును ఖాళీ చేయును. దానిని మునుపటికంటె మిన్నగా నింపునవి తిండి, విశ్రాంతి.

ఇంధనంతోనే కథ ముగియదు. 1975లో కెనడాలో ఎరిక్ బానిస్టర్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు సాధనకు ఒక గణిత రూపం కల్పించినారు. ఈయన మైలు వీరుడు కాడు, వేరొకరు. వీరి లెక్క ప్రకారం ప్రతి సాధన శరీరంలో రెండు ఖాతాలు తెరుస్తుంది: ఒకటి దార్ఢ్యం, రెండవది అలసట. సాధన తగ్గించినపుడు రెండును తరుగును. కాని అలసట రోజులలో తరిగితే దార్ఢ్యం వారాలలో తరుగును. ఈ రెండింటి నడుమ ఏర్పడే వ్యవధిలో పందెం పడితే గెలుపునకు అవకాశం హెచ్చు.

అట్లయితే పూర్తిగా పడుకొనుటే మేలా? దీనికి జవాబు 1992లో కెనడాలోనే దొరికినది. తర్ఫీదు పొందిన పరుగుదారులచేత వేర్వేరు సమయాలలో మూడు విధాల ఆఖరి వారం గడిపించినారు. ఒక వారం పూర్తి విశ్రాంతి. ఒక వారం నెమ్మదిగా పరుగు. ఒక వారం కొద్ది దూరమే, కాని మిక్కిలి వేగంగా పరుగు. తరువాత 1500 మీటర్ల పందెపు వేగంతో అలసిపోయేవరకు పరుగెత్తించి చూడగా, పూర్తి విశ్రాంతి వలన ఓర్పు కాలం ఏమాత్రం పెరుగలేదు. నెమ్మది పరుగు వలన 6 శాతం, కొద్దిపాటి వేగపు పరుగు వలన 22 శాతం పెరిగినది. 2007లో ఈతగాండ్రు, పరుగుదారులు, సైకిలు పందెగాండ్రపై జరిగిన 27 పరిశోధనలను క్రోడీకరించినపుడు కూడ ఇదే తేలినది: సుమారు రెండు వారాలపాటు సాధన పరిమాణాన్ని 41 నుండి 60 శాతం వరకు తగ్గించవలెను, వేగాన్ని, సాధన చేసే రోజుల సంఖ్యను తగ్గించరాదు. ఈ పద్ధతికి ఇంగ్లీషులో టేపర్ అని పేరు. చర్నాకోల కొసకుపోను సన్నబడునట్లు సాధన కూడ పందెం దగ్గర పడినకొలది సన్నబడవలెనని దాని భావం.

దీనివలన చేకూరే మేలు సామాన్యంగా రెండు మూడు శాతమే. అది స్వల్పమని తలచరాదు. 8 నిమిషాల పరుగులో 2 శాతమనగా సుమారు 10 సెకండ్లు. అయితే ముందు నెలలలో సాధన లేనివానికి ఆఖరి వారపు విశ్రాంతి ఏమీ ఇవ్వజాలదు. కొట్టులో ధాన్యం ఉన్నవానికే తాళపుచెవితో పని.

కనుక రోజూ 6 కిలోమీటర్లు పరుగెత్తే విద్యార్థి ఆఖరి వారంలో దానిని 3 కిలోమీటర్లకు తగ్గించుకొనవచ్చును. అందులో రెండు మూడు చిన్న పరుగులు పందెపు వేగంతో చేయవలెను. అలవాటైన తిండి తిని, చాలినంత నీరు త్రాగి, కంటినిండ నిదురపోవలెను. క్రొత్త జోడు, క్రొత్త ఆహారం ఆ వారంలో పనికిరావు. మిగిలిన కాలంలో కాళ్లు ఊరకుండక పరుగెత్తుమని తొందరపెట్టును. ఆ తొందరను పందెం నాటికి దాచియుంచుకొనుట కూడ సాధనలో ఒక భాగమే.