గుత్తిదుర్గ సందర్శనము - జలాశయముల సాక్ష్యము

రాయలసీమయందలి గిరిదుర్గములలో గుత్తిదుర్గము పేరెన్నిక గన్నది. అనంతపురమండలమున గుత్తిపట్టణము నానుకొని నిలిచిన కొండలగుంపుపై వ్యాపించిన యీ కోట శిఖరభాగమున సముద్రమట్టమునకు 2,000 అడుగులకుఁ బైగాను, ఊరినేలకు రమారమి 1,000 అడుగుల యెత్తునను ఉన్నది. భారత పురావస్తుశాఖవారి సంరక్షణలోనున్న యీ దుర్గమును జూచుటకు విద్యార్థులును చరిత్రాభిమానులును చిన్నచిన్న బృందములుగా వచ్చుచుందురు. స్థలమెఱిఁగిన వాఁడొకఁడు ముందు నడవఁగా, వారు ఒక ద్వారము వెనుక నొక ద్వారము దాఁటి, కొండకొమ్ము నెక్కి, మురారిరావు కూర్చుండెడివాఁడను మంటపముఁ జూచి దిగివత్తురు. ఆ నడకలో వారు తఱుచుగా వినునవి మూఁడు మాటలు. కోటలో నూటయెనిమిది బావులున్నవనుట యొకటి. అందొక బావికిఁ గొండక్రింది వాఁగుతో రాతిలోపలి మార్గమున సంబంధము గలదనుట రెండవది. కొండయంచునఁగల మంటపమున మురారిరావు చదరంగ మాడెడివాఁడనుట మూఁడవది.

ఈ మూఁటిలో మొదటి రెండును నీటిని గుఱించినవే యగుట గమనింపఁదగినది. జనశ్రుతి తన కెఱుకలేకయే యీ దుర్గచరిత్రకు మూలమైన విషయమును బట్టుకొనియున్నది. గుత్తికోట బలమును బలహీనతయు దాని గోడలయందుఁ గాక దాని నీటియందే యున్నవి. ద్వారములను బురుజులను మాత్రమే చూచి దిగివచ్చిన వారు ఆ చరిత్రలో సగము విడిచి వచ్చినవారే యగుదురు.

దుర్గలక్షణములను మన పూర్వులు శాస్త్రముగా విచారించిరి. కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున ఔదకము, పార్వతము, ధాన్వనము, వనదుర్గము అని నాలుగు విధములు చెప్పెను. మనువు ఆఱు విధములు చెప్పి, అందు గిరిదుర్గమే శ్రేష్ఠమని నిర్ణయించెను. ధన్వదుర్గమనఁగా చుట్టును నీరులేని నేలచే రక్షింపఁబడునది. ముట్టడింపవచ్చిన సేన దప్పికచేతనే వెనుదిరుగునని దాని యాంతర్యము. అయితే మనువు అంతటితో విడువక, ఏ దుర్గమైనను ఆయుధములతోడను, ధనధాన్యములతోడను, వాహనములతోడను, శిల్పులతోడను, యంత్రములతోడను, గ్రాసముతోడను, ఉదకముతోడను నిండియుండవలెనని విధించెను. ఆ పట్టికలో ఉదకము చివర వచ్చినది. గుత్తిచరిత్రలోనైతే అదియే మొదటిది.

గుత్తి రూపమున గిరిదుర్గము. ఉన్నచోటునుబట్టి చూడఁగా ధన్వదుర్గమునకును దగ్గఱిది. అనంతపుర పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో నుండుటచే నైరృతిఋతుపవనము ఇచ్చట బలహీనమై చేరును. తూర్పుసముద్రమునకు దూరమగుటచే ఈశాన్యఋతుపవనమును అంతంతమాత్రమే. సంవత్సరమునకు సగటు వర్షపాతము రమారమి 550 మిల్లీమీటర్లు. అదియైనను ఎక్కువభాగము జూన్ మొదలు అక్టోబరు వఱకుఁ గుఱిసి, జనవరి మొదలు మార్చి వఱకు ఆకాశము దాదాపుగా వట్టిపోవును. ఇట్టినేలపై లేచిన కఠినశిలాపర్వతమున ఊటబావులు దొరకుట యరుదు. కొండపై మనుష్యుఁడు నిలువవలెనన్న వాననీటిని బట్టి నిలుపుకొనవలెను.

దుర్గనిర్మాణమును గ్రిందినుండి పైకిఁ బరిశీలించినచో నీ సంగతి స్పష్టమగును. కోట యొకే కొండపైఁ గాక, తక్కువయెత్తు తిప్పలచేఁ గలుపఁబడిన పెక్కు కొండలపై వ్యాపించియున్నది. వీనినన్నిటిని చుట్టి ప్రాకారమును బురుజులును గట్టిరి. ద్వారములును బురుజులును పదునైదేసి యని లెక్కింతురు. చుట్టుగోడ యాకారము శంఖమును బోలియుండునని చూచినవారందురు. అన్నిటికంటె నెత్తైన కొండపైనున్నది లోపలి కోట. దానికిఁ బోవుటకు ఒక్కటే యెక్కుడుమార్గము. శత్రువు ద్వారమొకటి గెలిచినను, వంపుతిరిగిన దారిలో మరల రెండవద్వారము నెదుర్కొనవలసివచ్చును. పైభాగమున ధాన్యపుఁగొట్లును, మందుగుండు నిలువచేసిన కట్టడమును, శిథిలములైన యిండ్లును గానవచ్చును. వీనినడుమ శిలలలోఁ దొలిచినవియు, రాతిపగుళ్లకుఁ గట్టలు గట్టి నిలిపినవియు నగు జలాశయములు కలవు.

ఈ కొండ యెంత ప్రాచీనకాలమునుండి రాజులదృష్టి నాకర్షించెనో శాసనములే చెప్పుచున్నవి. పశ్చిమచాళుక్యచక్రవర్తి యగు ఆఱవ విక్రమాదిత్యుని (క్రీ.శ. 1076-1126) కాలపు కన్నడశాసనము లిచ్చటి శిలలపై శిథిలస్థితిలోఁ గలవు. వానికంటెఁ బ్రసిద్ధమైనది విజయనగరాధీశుఁడగు బుక్కరాయని నాఁటి సంస్కృతశ్లోకశాసనము. అందు గుత్తి దుర్గరాజమని కీర్తింపఁబడినది. బుక్కభూపాలుని సమస్తభూమండలాధిపత్యము చక్రమైనచో, ఆ చక్రమునకు ఈ దుర్గము నాభియని దాని భావము. కవి యత్యుక్తిగాఁ జెప్పినను అందు భూగోళసత్యము లేకపోలేదు. పడమటఁ దుంగభద్రాతీరమునకును, దక్షిణమునఁ బెనుకొండకును, తూర్పునఁ గడపసీమకును, ఉత్తరమునఁ గర్నూలుసీమకును బోవు దారులను గాచుటకు గుత్తి తగినచోటు. త్రోవచూపు వాఁడు మంటపముకడకుఁ ద్వరపెట్టి తీసికొనిపోవునప్పుడు, సందర్శకులు ఈ శిలాక్షరములకడ నొక్కింతసేపు నిలువుట మంచిది. వేయిమందితోఁ బోయిన నిది సాధ్యము కాదు. పదిమందితోఁ బోయినచో అందఱును వంగి చూడవచ్చును.

ఇఁక జలాశయముల మాట. ఒక ఎకరము వైశాల్యముగల రాతిచఱియపై సంవత్సరమునఁ గుఱియు 550 మిల్లీమీటర్ల వర్షము నంతయుఁ బట్టినచో రమారమి 22 లక్షల లీటర్లగును. అందు సగము ఆవిరియై, మిగిలినదానిలో సగము పొరలిపోయి, నాలవవంతు మిగిలినను అయిదున్నర లక్షల లీటర్లుండును. త్రాగుటకును వండుకొనుటకును దినమునకుఁ బది లీటర్లచొప్పున వేయిమంది రక్షకభటులకు నీ నీరు రెండునెలలకుఁ గొంచెము తక్కువగాఁ జాలును. ఇట్టి జలాశయములు పలుచోట్ల నుండఁగా మితమైన సేన యొకయేఁడు నిలువఁగలదు. గుత్తిని గట్టినవారు ఈ లెక్క నెఱిఁగియే తొలిపించిరనుట నిశ్చయము. అయితే ఒక గుఱ్ఱము దినమునకు ముప్పది నలువది లీటర్ల నీరు త్రాగును, పశువును అంతే. ఊరిజనమును వారి పశువులును పైకోట చేరినచో లెక్క యంతయుఁ దాఱుమాఱగును.

అట్టి సమయము పదునెనిమిదవ శతాబ్దిలో వచ్చినది. విజయనగరసామ్రాజ్యము క్షీణించిన పిదప గుత్తి పలువురి చేతులు మాఱి, ఆ శతాబ్ది నడుమ మహారాష్ట్రసేనాని మురారిరావు ఘోర్పడేకు రాజధానియైనది. ఇతఁడు 1741 మొదలు 1743 వఱకుఁ దిరుచిరాపల్లిని మహారాష్ట్రులపక్షమునఁ బాలించెను. 1751లో ఆర్కాటు ముట్టడింపఁబడినప్పుడు, ఇతఁడు సేనతో నాంగ్లేయులకుఁ దోడుగా వచ్చుచున్నాఁడను వార్తయే ముట్టడించినవారిని ద్వరపెట్టెను. కర్ణాటకయుద్ధములలో నితని యాశ్వికదళము ఏపక్షమునఁ జేరునో యని ఆంగ్లేయులును ఫ్రెంచివారును ఎదురుచూచిరి. ఇట్టి వీరుని యాశ్రయము గుత్తి. అతని బలము గుఱ్ఱములు. ఆ గుఱ్ఱములే మైదానమున నతనికి జయమును దెచ్చినవి. కొండపై అవియే నీటికి శత్రువులైనవి.

మైసూరేలిక హైదరాలీ 1775 చివరభాగమున గుత్తిపై దండెత్తి వచ్చెను. ఈ ముట్టడివృత్తాంతమును మైసూరు చరిత్రకారుఁడగు మార్క్ విల్క్స్ వివరముగా వ్రాసియున్నాఁడు. ముందుగాఁ బట్టణమును క్రిందికోటయు మైసూరుసేనకు లోఁబడినవి. అయినను పైకోట లొంగలేదు. ఫిరంగులకు ఆ యెత్తు చిక్కలేదు. ఒక్కటేయైన యెక్కుడుమార్గము దాఁటి సేనలు పోఁజాలలేదు. కాని క్రిందినుండి తఱుమఁబడిన జనమును పశువులును పైకోటలోఁ గిక్కిఱిసియుండిరి. కాలము చూడఁగా వానలు వెనుకఁబడినది. మరల వానరాక ముందు నెలలు గడవవలెను. జలాశయములు దినదినమును దిగిపోయినవి.

తుదకు మురారిరావు సంధికిఁ గడంగెను. ధనమిచ్చుటకును, పూర్తిగా నిచ్చువఱకు జామీనుగా నొక యువకుని హైదరు శిబిరమున నుంచుటకును ఒడంబడిక జరిగెను. విల్క్స్ కథనము ప్రకారము హైదరు ఆ యువకుని గౌరవించి, విందుచేసి, మాటలలో దింపి, కోటలోపలి సంగతి రాఁబట్టెను. కోటలో మూఁడుదినములకుఁ జాలు నీరుమాత్రమే మిగిలియున్నదని యా యువకుఁడు నోరుజాఱెను. ఆ మాట విన్న పిదప హైదరునకు సంధితోఁ బనిలేకపోయెను. ధనము పూర్తిగాఁ జెల్లలేదను నెపమున ముట్టడిని మరల బిగించెను. 1776 మొదటి మాసములలో గుత్తి లొంగిపోయెను. మురారిరావు శ్రీరంగపట్టణమునకుఁ గొనిపోఁబడి, పిదపఁ గబ్బాలదుర్గమునఁ జెఱలో మరణించెను. బుక్కరాయని దుర్గరాజము ఫిరంగికిఁ గాక దప్పికకుఁ దలయొగ్గెను. చుట్టునున్న నిర్జలత్వము శత్రువును వారింపవలసినది; క్రింది చెఱువులును బావులును శత్రువుచేతఁ బడఁగానే ఆ నిర్జలత్వము కోటలోపలికిఁ బ్రవేశించెను. ధన్వదుర్గలక్షణము తలక్రిందైనది.

ఈ వృత్తాంతము నెదుటఁ బెట్టుకొని త్రోవచూపు వాని మూఁడు మాటలను విచారింపవలెను. నూటయెనిమిది బావులను సంఖ్య జపమాలిక పూసలసంఖ్యయే కాని లెక్కించినవాని సంఖ్యగాఁ దోఁపదు. పెక్కు జలాశయములు కలవనుటకుఁ బవిత్రసంఖ్య నుపయోగించుట మనవారికి సహజము. వాఁగుతో సంబంధముగల బావి మాట యంతకంటె ముఖ్యమైనది. కొండక్రింది నీరు తనంత వేయియడుగు లెక్కదు. నీరు తెచ్చుకొనుటకు రహస్యమార్గముండెనందుమా, 1776లో మూఁడుదినముల నీటితో నా ప్రభువు చిక్కువడుట కుపపత్తి లేదు. ప్రాణసంకటమున నుపయోగపడని సొరంగము లేని సొరంగమే. అయినను ఈ కథ నిరర్థకము కాదు. దప్పికచే నోడిన కోటకు జనులు తరువాత నీటిదారి కల్పించి యిచ్చిరి. చరిత్రలో లేనిది జనశ్రుతి పూరించినదని గ్రహించినచో ఆ కథయే పరాజయమునకు సాక్ష్యమగును.

మంటపమును గూడ నీ దృష్టితోఁ జూడవలెను. నిలువుచఱియ యంచున నున్న యా చిన్నకట్టడమున మురారిరావు చదరంగమాడెననియు, ఉయ్యాల లూఁగెననియుఁ జెప్పుదురు. ఆడినను ఆడకున్నను అచ్చటినుండి కనఁబడు దృశ్యము నిజము. ఊరును, దారులును, పొలములును, చెఱువులును అన్నియు నచ్చటినుండి యొక పటమువలెఁ గానవచ్చును. తనకుఁ జెందిన చెఱువులను శత్రువు గుఱ్ఱములు త్రాగుచుండఁగా పైనున్నవాఁడు చూచుచు మాత్ర ముండవలసిన స్థానమది. ఆ కూర్చుండుచోటి బాధ నెఱిఁగించినచో, చదరంగపుఁగథ చెప్పకున్నను విద్యార్థులకు లోటుండదు.

తరువాతి చరిత్రయు నీటిచుట్టునే తిరుగుచున్నది. 1800లో నిజామువలన నీ సీమ ఆంగ్లేయులకు దత్తమైనది. దత్తమండలముల తొలి ప్రధానకలెక్టరు థామస్ మన్రో మదరాసు గవర్నరై, 1827 జులై 6న సంచారమధ్యమునఁ బత్తికొండలో విషూచివ్యాధిచే మరణించెను. అతని దేహమును గుత్తిలో సమాధిచేసిరి. 1831లో అస్థులను మదరాసునకుఁ దరలించిరి. పత్తికొండలో నాతని జ్ఞాపకార్థము వేయించిన తోపును, త్రవ్వించిన మెట్లబావియు ఈ సీమకుఁ దగిన స్మారకములు. గుత్తి దప్పికకు లొంగిన నూఱేండ్లకు, 1876-78 సంవత్సరములలో, ఆ దప్పికయే దండెత్తకుండ ముట్టడించి దత్తమండలముల జనులను లెక్కకు మీఱఁ జంపెను. ఆ కఱవున కెదురుగా మూయఁదగిన ద్వారము గాని, ఎక్కఁదగిన పైకోట గాని ఎవ్వరికిని లేకపోయెను.

కాఁబట్టి గుత్తిదుర్గమును జూపువారు క్రమము నించుక మార్చుట యుక్తము. ఎక్కుటకు ముందే క్రిందినున్న చెఱువులను బావులను జూపి, ముట్టడిలో మొదటఁ బోయినవి ఇవియేయని చెప్పవలెను. నడుమ శాసనశిలకడ నిలిచి, దుర్గరాజమను బిరుదు వినిపింపవలెను. పైనఁ బ్రతి జలాశయమునకును నీరెటనుండి వచ్చి చేరునో, ఏ చఱియనుండి కాలువ దీసిరో చూపవలెను. గట్లకు రక్షణ లేని యా గుంటలకడకు గుంపులుగాఁ బోఁగూడదు, చిన్నబృందమే క్షేమము. తుదకు మంటపముకడ నిలిచి ముట్టడికథ చెప్పవలెను. ఎండలో నెక్కివచ్చిన విద్యార్థి యా వేళకుఁ దన నీటిపాత్ర తేలికపడినదని తానే తెలిసికొనును. మూఁడుదినముల నీరనఁగా నెంతయో అప్పుడు వానికి వేఱుగా బోధింప నక్కఱలేదు.