మన్నును బలపఱచు విద్య — దాని ప్రాచీనత

మన్ను అణచు బలమును సహించును. లాగు బలమును సహింపజాలదు. కావుననే యెత్తుగా పోసిన కట్ట ప్రక్కలకు విచ్చి జారిపోవును. లాగుడును భరింపగల వస్తువును మంటి నడుమ పొరలుగా పఱచుటయే దీనికి ప్రతిక్రియ.

ఈ యుపాయము నవీనమని తలచుట పొరపాటు. ఇరాకు దేశమున బాగ్దాదునకు పశ్చిమముగా దూర్ కురిగల్జు అను పట్టణ శిథిలములు కలవు. అచ్చటి సోపానాకారపు గోపురము క్రీ. పూ. 14వ శతాబ్దిలో పచ్చి యిటుకలతో కట్టబడినది. ఇటుకల వరుసల నడుమ రెల్లుచాపలు పఱచియుండిరి. పై తొడుగు రాలిపోయినను లోని దిబ్బ నేటికిని 50 మీటరులకు మించి నిలిచియున్నది; చాపల పొరలు చారలవలె కానవచ్చుచున్నవి. చీనాదేశమున దున్‌హువాంగు ప్రాంతమందు హాన్ వంశపు రాజులు కట్టించిన సరిహద్దు గోడలలోను ఇసుక గులకల నడుమ రెల్లును పొదల కొమ్మలును గలవు.

ఫ్రెంచి శిల్పశాస్త్రజ్ఞుడగు ఆన్రీ విదాల్, మంటిలో లోహపు బద్దలు పఱచు పద్ధతికి 1963లో పేటెంటు పొందెను. మంటికిని బద్దకును గల రాపిడియే యీ బలమునకు మూలము. విదాల్ దానిని గణితమునకు లోబఱచెను. ఆతని కీర్తి యథార్థమైనదే. కాని శాస్త్రచరిత్రను పేటెంటు తేదీతో నారంభించినచో, ఆ చాపల నల్లిన యనామకుల విద్యకు అన్యాయము జరుగును. ఫలము నెఱిగినవారు పూర్వులు. కారణమును లెక్కించినవారు నవీనులు.