నోబెల్ ఉపన్యాసాల్లో క్యాన్సర్, మందుల చరిత్ర

నోబెల్ బహుమతి పొందినవారు తాము చేసిన పని గురించి ఒక బహిరంగ ఉపన్యాసం ఇవ్వాలి. ఆల్ఫ్రెడ్ నోబెల్ వీలునామాలో ఈ షరతు లేదు. 1900లో నోబెల్ ఫౌండేషన్ నియమావళి రాసినప్పుడు చేర్చారు. ఏటా డిసెంబరు 10న జరిగే ప్రదానోత్సవానికి ముందైనా, ఆ తర్వాత ఆరు నెలల లోపైనా ఉపన్యాసం పూర్తికావాలన్నది నిబంధన. వైద్యశాస్త్ర ఉపన్యాసాలు స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ ఆధ్వర్యంలో జరుగుతాయి. చెప్పిందంతా తర్వాత అచ్చులో వస్తుంది. ఆ అచ్చు ప్రతులను వరుసగా చదివితే క్యాన్సర్ గురించి, మందుల తయారీ గురించి వైద్యలోకం ఏ కాలంలో ఏం నమ్మిందో తెలుస్తుంది. అవి అన్నీ నిజమని తేలిన మాటలు కావు. వాటి విలువలో సగం అక్కడే ఉంది.

వైద్యంలో మొట్టమొదటి ఉపన్యాసమే ఒక మందు గురించి. 1901 డిసెంబరు 12న ఎమిల్ ఫాన్ బేరింగ్ కంఠసర్పి వ్యాధికి సీరం చికిత్స ఎలా పనిచేస్తుందో వివరించారు. 1908లో పాల్ ఎర్లిక్ వంతు వచ్చింది. ఆయనకు బహుమతి ఇచ్చింది రోగనిరోధక శక్తిమీద చేసిన పరిశోధనకు. ఆయన ప్రసంగం మాత్రం ఆర్సెనిక్ మందుల దాకా వెళ్లింది. మందు కణంలోని ఒక ప్రత్యేక భాగానికి అతుక్కుంటేనే పనిచేస్తుందన్నది ఎర్లిక్ సిద్ధాంతం. సిఫిలిస్‌కు ఆయన తయారుచేయించిన సాల్వర్సాన్ 1910లో గానీ బజారుకు రాలేదు. అంటే మందు కంటే ముందు దాని వెనకున్న ఆలోచన ఆ వేదిక ఎక్కింది. రోగి శరీరాన్ని వదిలి రోగకారకాన్ని మాత్రమే పట్టుకునే రసాయనం కావాలన్న ఆ కోరికే తర్వాత క్యాన్సర్ మందుల వేటకూ దారి చూపింది.

క్యాన్సర్ నేరుగా ఆ వేదికమీదికి వచ్చింది 1927 డిసెంబరు 12న. వక్త డెన్మార్క్‌కు చెందిన యోహానెస్ ఫిబిగర్. 1926లో ఎవరూ అర్హులు కారని నిలిపి ఉంచిన బహుమతిని మరుసటి ఏడాది ఆయనకిచ్చారు. ఆ పని 1907లో మొదలైంది. క్షయ ప్రయోగాలకు వాడిన మూడు ఎలుకల పొట్టలో ఫిబిగర్‌కు కంతులు కనిపించాయి, వాటిలో ఒక రకం నులిపురుగు కూడా కనిపించింది. మరి ఎక్కడైనా ఇలాంటివి ఉన్నాయా అని వెయ్యికి పైగా ఎలుకలను కోసి చూశారు, దొరకలేదు. చివరికి కోపెన్‌హాగన్‌లోని ఒక చక్కెర శుద్ధి కర్మాగారంలో ఎలుకలకూ, అక్కడి బొద్దింకలకూ ఆ పురుగు ఉందని తేలింది. బొద్దింక పురుగును మోస్తుంది, బొద్దింకను ఎలుక తింటుంది, ఎలుక పొట్టలో కంతి లేస్తుంది. పురుగున్న బొద్దింకలను మేపి ప్రయోగశాలలో తానే క్యాన్సర్ పుట్టించగలిగానని ఫిబిగర్ 1913లో ప్రకటించారు.

క్యాన్సర్‌ను కావాలని పుట్టించగలిగితే దాన్ని అధ్యయనం చేయవచ్చు. కాబట్టి ఆ ప్రకటనకు వచ్చిన గౌరవం అర్థంలేనిదేమీ కాదు. కానీ నిర్ధారణే తప్పు. ఆ ఎలుకల తిండిలో విటమిన్ ఎ చాలలేదనీ, కంతులకు అసలు కారణం ఆ లోపంతో కలిసిన పురుగు రాపిడి అనీ, వాటిలో చాలావరకు నిజమైన క్యాన్సర్లే కావనీ తర్వాతి పరిశోధకులు తేల్చారు. 1952 నాటికి ఈ విషయంలో పెద్దగా సందేహం మిగల్లేదు. ఫిబిగర్ దాన్ని చూడలేదు. ఉపన్యాసం ఇచ్చిన రెండు నెలల లోపే, 1928 జనవరి 30న, పెద్దపేగు క్యాన్సర్‌తో బాధపడుతూ మరణించారు. ఇదే కాలంలో జపాన్‌లో కత్సుసబురో యమగివా, కోయిచి ఇచికవా కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి 1915లో అసలైన క్యాన్సర్ పుట్టించారు. బహుమతికి యమగివా పేరు ప్రతిపాదనకు వచ్చింది గానీ దక్కలేదు. ఈ తీర్పు నోబెల్ సంఘానికి మచ్చే. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లపాటు క్యాన్సర్ పరిశోధనకు అక్కడ బహుమతి లేదు.

ఈ మధ్యకాలంలో మందుల గురించి రెండు ఉపన్యాసాలు చెప్పుకోదగ్గవి. పెన్సిలిన్‌కు బహుమతి పొందిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో హెచ్చరిక చేశారు. ఈ మందును ఎవరైనా అంగట్లో కొనుక్కునే రోజు వస్తుందనీ, తెలియక చాలీచాలని మోతాదు వాడితే క్రిములు దానికి అలవాటుపడిపోతాయనీ చెప్పారు. రెండోది గెర్‌హార్డ్ డొమాక్‌ది. సల్ఫా మందులకు దారితీసిన ప్రొంటోసిల్‌కు ఆయనను 1939లో ఎంపిక చేశారు. జర్మన్లు నోబెల్ తీసుకోరాదని హిట్లర్ అప్పటికే నిషేధించాడు. గెస్టపో పోలీసులు డొమాక్‌ను అరెస్టుచేసి, బహుమతి నిరాకరిస్తున్నట్లు రాయించుకున్నారు. యుద్ధం ముగిశాక 1947లో ఆయన స్టాక్‌హోం వెళ్లి ఉపన్యాసం ఇచ్చారు. పతకం, పత్రం దక్కాయి. గడువు దాటిపోయిందని సొమ్ము ఇవ్వలేదు.

1966లో క్యాన్సర్ మళ్లీ వేదిక ఎక్కింది. ఆ డిసెంబరు 13న ఇద్దరు మాట్లాడారు. ఒకరు చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ హగిన్స్. మగ హార్మోన్ అందకుండా చేస్తే ప్రొస్టేట్ క్యాన్సర్ తగ్గుముఖం పడుతుందని 1941లోనే ఆయన చూపించారు. క్యాన్సర్ కణం అదుపు తప్పినదే అయినా శరీరంలోని హార్మోన్‌మీద ఇంకా ఆధారపడి ఉండవచ్చు, ఆ ఆధారాన్ని తీసేస్తే అది కుంగిపోతుంది. ప్రొస్టేట్‌కూ, రొమ్ము క్యాన్సర్‌కూ ఈనాడు ఇచ్చే హార్మోన్ చికిత్సలకు మూలం ఇదే.

రెండో వక్త పేటన్ రౌస్. అప్పటికి ఆయన వయసు 87. కోడి రొమ్ముమీది కంతిని నూరి, బాక్టీరియా కూడా దూరలేని వడపోత గుండా పంపి, వచ్చిన ద్రవాన్ని మరో కోడికి ఎక్కిస్తే క్యాన్సర్ వస్తుందని 1911లో రౌస్ ప్రకటించారు. కారణం వైరస్ అన్నమాట. కోళ్ల సంగతి మనుషులకెందుకని చాలామంది పట్టించుకోలేదు. కనుగొన్నదానికీ బహుమతికీ మధ్య 55 ఏళ్లు గడిచాయి. అంత కాలం ఎదురుచూసిన మనిషి ఆ రోజు ఒక మాట గట్టిగా చెప్పారు: శరీర కణాల జన్యువుల్లో మార్పులవల్ల క్యాన్సర్ వస్తుందన్న వాదాన్ని తెలిసిన సంగతులన్నీ కలిసి తోసిపుచ్చుతున్నాయని. ఆ మాట చెల్లలేదు. అది చెల్లదని తేలింది కూడా ఆయన కనుగొన్న వైరస్ ద్వారానే.

క్యాన్సర్ తెచ్చే వైరస్‌లమీద చేసిన పనికే 1975లో డేవిడ్ బాల్టిమోర్, రెనాటో డుల్బెకో, హోవర్డ్ టెమిన్‌లకు బహుమతి వచ్చింది. ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ తయారుచేసే ఎంజైమ్ గురించి బాల్టిమోర్, టెమిన్ చెప్పారు. డుల్బెకో మాత్రం ప్రయోగశాల దాటి బయటికి వచ్చి, పొగాకు క్యాన్సర్ తెస్తుందని తెలిసినా ప్రభుత్వాలు కదలకపోవడాన్ని తప్పుపట్టారు.

మందు ఎలా పుడుతుందో తెలుసుకోవాలంటే 1988 ఉపన్యాసాలకు మించినవి లేవు. ఆ ఏడాది బహుమతిని గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్, జేమ్స్ బ్లాక్ పంచుకున్నారు. ఎలియన్‌కు పదిహేనేళ్లప్పుడు తాతగారు పొట్ట క్యాన్సర్‌తో పోయారు. రసాయనశాస్త్రం చదివినా ఆడపిల్లకు ప్రయోగశాలలో ఉద్యోగం దొరకలేదు. కొన్నాళ్లు ఆహార సంస్థలో ఊరగాయల పులుపు పరీక్షించే పని చేశారు. పూర్తికాలం చదివితేనే పిహెచ్‌డి అన్నారు కనుక ఆ చదువూ వదిలేశారు. 1944లో బరోస్ వెల్‌కమ్ కంపెనీలో హిచింగ్స్ దగ్గర చేరారు.

వారి పద్ధతిలో మెలిక ఇది. కణం రెండుగా చీలాలంటే డీఎన్‌ఏ కావాలి, దానికి ప్యూరిన్లు కావాలి. ప్యూరిన్‌లా కనిపించే నకిలీ పదార్థాన్ని అందిస్తే, వేగంగా చీలే క్యాన్సర్ కణం దాన్ని అసలుదనుకుని వాడుకుని ఆగిపోతుంది. అలా వచ్చిన 6-మెర్కాప్టోప్యూరిన్‌కు అమెరికా ప్రభుత్వం 1953లో అనుమతి ఇచ్చింది. అప్పట్లో తీవ్ర రక్త క్యాన్సర్ సోకిన పిల్లల్లో సగం మంది మూడు నాలుగు నెలలకు మించి బతికేవారు కాదు. ఈ మందు వచ్చాక అది ఏడాది దాకా పెరిగింది. మూడు నాలుగు మందులు కలిపి ఇచ్చి, ఆ తర్వాత మెథోట్రెక్సేట్‌తో పాటు దీన్నీ ఏళ్ల తరబడి కొనసాగించడంతో 1988 నాటికి దాదాపు 80 శాతం పిల్లలకు నయమవుతోందని ఎలియన్ ఉపన్యాసంలో చెప్పారు.

ఆ మెథోట్రెక్సేట్ వెనక భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. హిచింగ్స్ పిహెచ్‌డి చేసింది కూడా ఆ ఫిస్క్ దగ్గరే. 1940లో సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలకు మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, మెథోట్రెక్సేట్‌తో సహా దానికి విరుగుళ్లనూ తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లం రక్త క్యాన్సర్‌ను ఎగదోస్తోందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించి, ఆ విరుగుడు కావాలన్నారు. లెడర్లే పంపిన అమినోప్టెరిన్‌తో 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా నయమైందని 1948 జూన్‌లో ఆయన ప్రకటించారు. ఆ ఆగస్టు 8న సుబ్బారావు మరణించారు. మరణించినవారికి ఈ బహుమతి ఇవ్వరు. 1988లో హిచింగ్స్ ఎంచుకున్న విషయం, ఫోలిక్ ఆమ్లాన్ని కణానికి పనికివచ్చేలా మార్చే ఎంజైమ్‌ను అడ్డుకునే మందులు. మెథోట్రెక్సేట్ అడ్డుకునేది ఆ ఎంజైమ్‌నే.

1989లో మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్ చెప్పింది రౌస్ మాటకు జవాబు. రౌస్ వైరస్‌లో క్యాన్సర్ తెచ్చే జన్యువు వైరస్ సొంతం కాదని, మామూలు కోడి కణం నుంచి ఎత్తుకొచ్చినదని వారి బృందం 1976లో చూపించింది. క్యాన్సర్ విత్తనం మన జన్యువుల్లోనే ఉంది, అవి దెబ్బతింటే చాలు. ఇలాంటి ఒక జన్యువు తయారుచేసే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ మాత్ర 2001లో వచ్చి ఒక రకం రక్త క్యాన్సర్ గతినే మార్చింది. దాని తయారీకి ఇంతవరకు నోబెల్ రాలేదు. అది లోటే.

అయితే వైరస్ కథ ముగియలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే పాపిలోమా వైరస్ రకాలను 1983, 1984లలో గుర్తించిన హరాల్డ్ జుర్ హౌజెన్ 2008లో మాట్లాడారు. టీకా అప్పటికే రెండేళ్ల కిందట వచ్చింది. ఇక మందుల సంగతికి వస్తే, 2015లో చైనాకు చెందిన తూ యోయో మలేరియా మందు ఆర్టెమిసినిన్ గురించి చైనా భాషలోనే చెప్పారు. నాలుగో శతాబ్దపు వైద్య గ్రంథంలో ఆ మందు దొరికే మొక్కను నీటిలో నానబెట్టి పిండమని మాత్రమే ఉంది, కాచమని లేదు. వేడి మందును పాడుచేస్తోందేమోనని ఆమెకు అనుమానం వచ్చి, తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీశారు.

2018 డిసెంబరు 7న జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో మాట్లాడారు. అంతకుముందు మందులు ఎక్కువగా క్యాన్సర్ కణాన్నే కొట్టేవి. వీరి దారి వేరు. మన రోగనిరోధక శక్తిలోని టీ-కణాలకు సహజంగా బ్రేకులుంటాయి, వాటిని వదిలితే టీ-కణాలే క్యాన్సర్ పని పడతాయి. ఆలిసన్ పనినుంచి వచ్చిన ఇపిలిముమాబ్‌కు అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. అందరు రోగులకూ ఇలాంటి మందులు పనిచేయవు, ఖరీదూ ఎక్కువే.

ఈ ఉపన్యాసాలన్నీ నోబెల్ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. వైద్యం చదవనివారు ఎలియన్‌తో మొదలుపెడితే మంచిది. రసాయన బొమ్మలు దాటేసినా అసలు సంగతి అందుతుంది. ఆ తర్వాత ఫిబిగర్‌ది చదవాలి.